ఎలుక మెదడులో థీటా లయ: జ్ఞాపకానికి పాయింట్లు మార్చే రసాయనం

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వెళ్ళి, వర్క్‌షాపులోనూ యార్డులోనూ కుదురుకున్న కుటుంబాలు మథురాకాటి, నింపురా వంటి కాలనీల్లో తరతరాలుగా ఉంటున్నాయి. ఆ ఇళ్ళల్లో సెలవులకు సొంతవూరు వెళ్ళే పిల్లవాణ్ణి దారిలో ఏ స్టేషన్లు వస్తాయని అడగండి. బాలాసోర్, భద్రక్, కటక్, భువనేశ్వర్, ఖుర్దా రోడ్, బరంపురం, పలాస, శ్రీకాకుళం రోడ్, విజయనగరం అంటూ ఊపిరి తిప్పుకోకుండా అప్పజెబుతాడు. ఒక పేరు నోట రాగానే తర్వాతి పేరు దానంతటదే తోసుకు వస్తుంది. మధ్యలో ఆపి "భద్రక్ ముందు ఏది?" అంటే మాత్రం ఒక్క క్షణం ఆలోచించాల్సి వస్తుంది.

అదే రైలు ప్రయాణంలో మనం తరచుగా వినే హెచ్చరిక ఒకటుంది: అపరిచితులు ఇచ్చే తినుబండారాలు తీసుకోవద్దని. ఇప్పటి దొంగలు ఎక్కువగా నిద్రమాత్రలు వాడుతున్నారు గాని, పూర్వం వారి ఆయుధం ఉమ్మెత్త గింజ. బెంగాల్‌లో పనిచేసిన వైద్యుడు నార్మన్ చెవర్స్ 1856లో ప్రచురించిన వైద్య న్యాయశాస్త్ర గ్రంథంలో ఉమ్మెత్త పెట్టి బాటసారులను దోచుకోవడం గురించి వివరంగా రాశాడు. ఉమ్మెత్త తిన్న మనిషి అన్ని సందర్భాల్లోనూ స్పృహ తప్పి పడిపోడు. లేచి తిరుగుతాడు, ఏదో మాట్లాడతాడు, లేనివి ఉన్నట్టు చూస్తాడు. కాని తేరుకున్న తర్వాత అడిగితే ఆ గంటల్లో జరిగిందేదీ గుర్తుండదు. పాత జ్ఞాపకాలు చెక్కుచెదరకుండా ఉంటాయి. ఆ కొద్ది గంటలు మాత్రం పుస్తకంలోంచి చింపేసిన కాగితాల్లా మాయమవుతాయి.

వరసగా గుర్తుండే స్టేషన్లు, గుర్తులేకుండా పోయిన గంటలు – ఈ రెండింటి వెనుకా ఉన్నది మెదడులోని ఒకే ఏర్పాటు. అందులో ఒక లయ ఉంది, ఒక రసాయనం ఉంది. ఈ రెండూ కలిసి నాడీకణాలను ఎలా నడిపిస్తాయన్న సంగతి ప్రధానంగా ఎలుకల మీద జరిగిన ప్రయోగాల వల్లే తెలిసింది. ఆ కథేమిటో చూద్దాం.

కప్ప గుండె చెప్పిన సంగతి

ముందు రసాయనం గురించి తెలుసుకుందాం. 1921లో ఆస్ట్రియాకు చెందిన ఒట్టో లోవీ ఒక కప్ప గుండెను దాని వాగస్ నాడితో సహా తీసి ఉప్పునీటి ద్రవంలో ఉంచాడు. ఆ నాడిని విద్యుత్తుతో ప్రేరేపించగానే గుండె నెమ్మదించింది. అప్పుడు ఆ ద్రవాన్ని తీసి, నాడి లేని మరో కప్ప గుండెకు అందించాడు. అదీ నెమ్మదించింది! నాడి నుంచి ఏదో పదార్థం ద్రవంలోకి వచ్చిందన్నమాట. ఆ పదార్థం అసిటైల్‌కోలిన్ అని తర్వాత తేలింది. అంతకు ముందే దాని గుణాలను అధ్యయనం చేసిన హెన్రీ డేల్‌తో కలిసి లోవీ 1936లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

ఒక నాడీకణం మరో నాడీకణంతో కలిసేచోట సన్నని సందు ఉంటుంది. దీనిని సినాప్స్ అంటారు. మొదటి కణం విడిచిన అసిటైల్‌కోలిన్ ఈ సందు దాటి రెండో కణం మీది గ్రాహకాలకు అతుక్కుంటుంది. ఈ గ్రాహకాలు రెండు జాతులు. పొగాకులోని నికోటిన్‌కు స్పందించేవి నికోటినిక్ గ్రాహకాలు. ఒక జాతి పుట్టగొడుగులోని మస్కరిన్‌కు స్పందించేవి మస్కరినిక్ గ్రాహకాలు. మొదటివి క్షణంలో పనిచేసి ఊరుకుంటాయి. రెండోవి నిదానంగా మొదలై, కణం స్వభావాన్నే కొంతసేపు మార్చి ఉంచుతాయి. పని పూర్తయిన అసిటైల్‌కోలిన్‌ను అసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము వెంటనే విరగ్గొడుతుంది.

దీన్నిబట్టి ఈ వ్యవస్థలో మందులు మూడు విధాలుగా జోక్యం చేసుకోగలవు. అట్రోపిన్, స్కోపాలమిన్ మస్కరినిక్ గ్రాహకాలను మూసివేస్తాయి. ఉమ్మెత్తలో ఉండేవి ఈ రెండే. కార్బకాల్ వంటివి అసిటైల్‌కోలిన్‌లా నటిస్తాయి. ఫైసోస్టిగ్మిన్, డోనెపెజిల్ వంటివి ఎంజైమును అడ్డుకొని, ఉన్న అసిటైల్‌కోలిన్ ఎక్కువసేపు నిలిచేలా చేస్తాయి. పరిశోధకుల చేతిలో ఇవి తాళంచెవుల వంటివి. ఒక్కొక్కటి తిప్పి, మెదడులో ఏం మారుతుందో చూడవచ్చు.

ఎలుక నడిచినప్పుడు వినిపించే తాళం

ఇక లయ సంగతి. ఒక్క నాడీకణం పుట్టించే విద్యుత్తు అతి స్వల్పం. కాని వేల కణాలు ఒకే సమయంలో ఉద్రేకించి, ఒకే సమయంలో చల్లబడితే ఆ హెచ్చుతగ్గులు తరంగాల్లా నమోదవుతాయి. భజనలో ఒక్కరి చప్పట్లు వీధి చివరికి వినిపించవు. అందరూ తాళం ప్రకారం కొడితే వినిపిస్తాయి. మనిషి తలపై ఎలక్ట్రోడ్లు అతికించి ఇటువంటి తరంగాలను నమోదు చేసినట్లు జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1929లో ప్రకటించాడు.

మెదడులో కణతల లోపలివైపు, సముద్రపు గుర్రం ఆకారంలో హిప్పోక్యాంపస్ అనే భాగం ఉంటుంది. కొత్త సంఘటనలను, స్థలాలను జ్ఞాపకంగా మార్చడంలో దీనిది కీలకపాత్ర. 1954లో గ్రీన్, ఆర్డుయినీ అనే శాస్త్రజ్ఞులు కుందేళ్ళు, పిల్లులు, కోతుల హిప్పోక్యాంపస్‌లో నెమ్మదైన, చాలా క్రమమైన తరంగాలను వర్ణించారు. జంతువు అప్రమత్తమైనప్పుడు అవి వచ్చేవి. వీటికే థీటా లయ అని పేరు. ఎలుకలో ఇది సెకనుకు 4 నుంచి 12 సార్లు కొట్టుకుంటుంది. ఎలుక మామూలుగా నడిచేటప్పుడు సెకనుకు 8 సార్లు అనుకుంటే, ఒక్కో తరంగానికి పట్టే కాలం సెకనులో ఎనిమిదో వంతు, అంటే 125 మిల్లీసెకన్లు.

ఈ తాళం ఎప్పుడు మోగుతుంది? కెనడా శాస్త్రజ్ఞుడు కేస్ వాండర్‌వుల్ఫ్ 1969లో దీనికి సమాధానం చెప్పాడు. ఎలుక నడిచినా, ఎగిరినా, కొత్తచోటును వాసన చూస్తూ తిరిగినా థీటా స్పష్టంగా ఉంటుంది. కదలకుండా కూర్చొని తింటున్నప్పుడో, ఒళ్ళు శుభ్రం చేసుకుంటున్నప్పుడో అది చెదిరిపోతుంది. నిద్రలో కలలు వచ్చే దశలో మళ్ళీ ప్రత్యక్షమవుతుంది.

తాళం వేసే చేయి ఎక్కడుంది? మెదడు ముందుభాగంలో, మధ్యగీత దగ్గర సెప్టమ్ అనే చిన్న ప్రాంతం ఉంది. అక్కడి కణాలు థీటాతో సరిగా కలిసేలా గుంపులు గుంపులుగా స్పందిస్తున్నాయని పెట్షె, స్టుంఫ్, గోగొలాక్ 1962లో చూపారు. సెప్టమ్ దెబ్బతింటే హిప్పోక్యాంపస్‌లో థీటా ఆగిపోతుంది. సెప్టమ్ నుంచి హిప్పోక్యాంపస్‌కు వెళ్ళే నాడీతంతువుల్లో కొన్ని అసిటైల్‌కోలిన్‌ను, కొన్ని గాబా అనే నిరోధక రసాయనాన్ని, కొన్ని గ్లుటమేట్‌ను విడుస్తాయి. వేగంగా తాళం వేయడంలో గాబా తంతువుల పాత్ర పెద్దది. అసిటైల్‌కోలిన్ అంత వేగంగా పనిచేయదు. అది హిప్పోక్యాంపస్ కణాలను తాళానికి సిద్ధం చేస్తుంది.

ఒకటి కాదు, రెండు థీటాలు

1975లో క్రామిస్, వాండర్‌వుల్ఫ్, బ్లాండ్ ఒక ఆసక్తికరమైన విషయం బయటపెట్టారు. జంతువుకు అట్రోపిన్ ఇచ్చినా నడకతో వచ్చే థీటా పోలేదు. కాని కదలకుండా ఉండి దేనినో గమనిస్తున్నప్పుడు వచ్చే నెమ్మదైన థీటా మాయమైంది. అంటే పైకి ఒకేలా కనిపించే లయ వెనుక రెండు యంత్రాంగాలున్నాయి. ఒకటి అట్రోపిన్‌కు లొంగనిది, రెండోది లొంగేది. రెండోది పూర్తిగా అసిటైల్‌కోలిన్ మీద ఆధారపడినది.

దీనికి మరోవైపు నుంచి కూడా రుజువు దొరికింది. ఎలుక హిప్పోక్యాంపస్‌ను పలుచని ముక్కగా కోసి, పోషక ద్రవంలో బతికించి ఉంచవచ్చు. సెప్టమ్‌తో సంబంధం తెగిపోయిన ఆ ముక్కలో మామూలుగా థీటా ఉండదు. దానిపై కార్బకాల్ వేస్తే థీటాను పోలిన తరంగాలు పుడతాయని 1987లో కొనోపాకి, బ్లాండ్ తదితరులు చూపారు. తాళం నేర్పే గురువు దగ్గర లేకపోయినా, సరైన రసాయనం తగిలితే ఆ కణాల గుంపు తనంతట తానే తాళం అందుకోగలదన్నమాట.

లయ పోతే దారి పోతుంది

థీటా కేవలం యంత్రం నడుస్తున్నప్పుడు వచ్చే చప్పుడేనా, లేక దానితో ఏదైనా పని ఉందా? 1978లో జొనాథన్ విన్సన్ ఎలుకలకు ఒక గుర్తుపట్టే పని నేర్పాడు. గదిలోని వస్తువులను ఆనవాళ్ళుగా చేసుకుని అవి ఒక చోటును కనుక్కోవాలి. నేర్చుకున్న ఎలుకల సెప్టమ్‌లో చిన్న గాయం చేసి థీటాను పోగొట్టగా, అవి ఆ చోటును కనుక్కోలేకపోయాయి.

అయితే గాయం వల్ల లయ ఒక్కటే పోదు కదా, రసాయనాలూ పోతాయి. అందువల్ల ఇంకా గట్టి పరీక్ష కావాలి. న్యూజిలాండ్‌లో నీల్ మెక్‌నాటన్ బృందం 2006లో ఆ పరీక్ష చేసింది. సెప్టమ్‌ను మత్తుమందుతో తాత్కాలికంగా ఆపితే నీటితొట్టిలో దాగిన తిన్నెను వెతకడం ఎలుకలు నేర్చుకోలేకపోయాయి. అదే స్థితిలో బయటి నుంచి విద్యుత్ ప్రేరణలతో హిప్పోక్యాంపస్‌కు థీటా వంటి లయను తిరిగి అందిస్తే, మొదటి దశ నేర్పు వాటికి తిరిగి వచ్చింది. లయకు తనదైన విలువ ఉందని దీనివల్ల అర్థమవుతుంది.

ప్లాట్‌ఫారం మీద ఒక నాడీకణం

ఇక ఒక్కో నాడీకణం ఏం చేస్తుందో చూద్దాం. 1971లో లండన్‌లో జాన్ ఓ'కీఫ్, డొస్ట్రోవ్‌స్కీ ఎలుక హిప్పోక్యాంపస్‌లో స్థాన కణాలను కనుగొన్నారు. ఎలుక గదిలో ఒక నిర్ణీత చోటికి వచ్చినప్పుడు మాత్రమే ఒక కణం ఉద్రేకిస్తుంది. మరో చోటికి మరో కణం. ఈ కృషికి ఓ'కీఫ్‌కు 2014లో నోబెల్ బహుమతి లభించింది. పక్కనే ఉన్న ఎంటోరైనల్ కార్టెక్స్‌లో త్రిభుజాల అల్లికలా క్రమమైన దూరాల్లో ఉద్రేకించే జాలక కణాలను 2005లో ప్రకటించిన ఎడ్వర్డ్ మోసర్, మే-బ్రిట్ మోసర్‌లు ఆ బహుమతిని పంచుకున్నారు.

స్థాన కణానికీ థీటాకూ ఉన్న సంబంధాన్ని 1993లో ఓ'కీఫ్, రెక్ కనుగొన్నారు. దాన్ని ఒక పోలికతో చెప్పుకుందాం. ఖరగ్‌పూర్ స్టేషన్‌లో ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరుపొందిన 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారం ఉంది. (2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి ప్లాట్‌ఫారాలు దానిని మించిపోయాయి.) ఒక మనిషి దాని మీద నడుస్తున్నాడనుకుందాం. నడిచినంతసేపూ ఒక గంట క్రమం తప్పకుండా టంగ్ టంగ్‌మని మోగుతోంది. మధ్యలో ఉన్న టీ దుకాణం ఒక స్థాన కణానికి చెందిన చోటు. మనిషి దుకాణం సమీపిస్తుండగా ఆ కణం చప్పట్లు కొట్టడం మొదలుపెడుతుంది. మొదటిసారి, తర్వాతి గంట మోగబోయే ముందు కొడుతుంది. రెండోసారి అంతకంటే కాస్త ముందుగా, మూడోసారి ఇంకా ముందుగా. దుకాణం దాటిపోయేసరికి గంట మోగిన వెంటనే కొడుతూ ఉంటుంది. అంటే కణం ఉద్రేకించిందా లేదా అన్నది ఒక్కటే కాదు, తాళంలో ఎక్కడ ఉద్రేకించింది అన్నది కూడా సమాచారమే. దుకాణం ఇంకా రావాలా, దాటిపోయిందా అన్నది దాన్నిబట్టి తెలుస్తుంది.

ఎలుక విషయంలో ప్లాట్‌ఫారానికి బదులు ఒకటి రెండు మీటర్ల బాట ఉంటుంది, గంటకు బదులు థీటా ఉంటుంది. ఇరుగుపొరుగు చోట్లకు చెందిన కణాలన్నీ ఇలాగే ప్రవర్తించడం వల్ల ఒక విశేషం జరుగుతుంది. ఒకే ఒక్క థీటా తరంగంలో దాటివచ్చిన చోటు కణం ముందు, ఉన్నచోటు కణం తర్వాత, రాబోయే చోటు కణం చివర – ఇలా వరసగా ఉద్రేకిస్తాయి. నడవడానికి క్షణాలు పట్టే దారి, వరస చెడకుండా సెకనులో ఎనిమిదో వంతులోకి కుదించుకుపోతుంది. ఒకదాని వెంట ఒకటి ఇంత దగ్గరగా ఉద్రేకించిన కణాల మధ్య బంధం గట్టిపడుతుంది. స్టేషన్ల పేర్లు ముందుకు చెప్పడం తేలిక, వెనక్కు చెప్పడం కష్టం కావడానికి ఇటువంటి ఏకదిశ బంధమే కారణం కావచ్చునని చాలామంది భావిస్తున్నారు.

కణాలకు ఈ లయకు తగినట్లు స్పందించే గుణం స్వతహాగానూ కొంత ఉంది. కణపు పొరలోని కొన్ని అయాన్ ద్వారాలు థీటా వేగంలో వచ్చే సంకేతాలకు కణం స్పందించే సమయాన్ని సవరిస్తాయని ఎలుక హిప్పోక్యాంపస్ కణాలపై రిషికేశ్ నారాయణన్, డేనియల్ జాన్‌స్టన్ 2008లో చూపారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో నారాయణన్ ఈ దిశలో పరిశోధన కొనసాగించారు.

యార్డులో పాయింట్స్‌మన్

అయితే ఒక చిక్కుంది. హిప్పోక్యాంపస్‌కు రెండు వైపుల నుంచి సంకేతాలు వస్తాయి. ఒకటి ఎంటోరైనల్ కార్టెక్స్ ద్వారా బయటి ప్రపంచపు కొత్త సమాచారం. రెండోది హిప్పోక్యాంపస్ లోపలి కణాలు తమలో తాము పంపుకునే పాత జ్ఞాపకం. కొత్త విషయం రాసుకునే సమయంలోనే పాతది కూడా ఉరుకుతూ వస్తే రెండూ కలగాపులగమవుతాయి. నింపురా యార్డు వంటి పెద్ద గూడ్స్ యార్డును ఊహించుకోండి. బయటి నుంచి బండి లోపలికి వస్తున్నప్పుడు ఆ పట్టాల మీద షంటింగ్ సాగితే ఏమవుతుంది? అందుకే పాయింట్లు మార్చి, లోపలి కదలికను ఆపి, వచ్చే బండికి దారి ఇస్తారు. బండి చేరాక, లోపలి బోగీలను ఒకచోట చేర్చడానికి మళ్ళీ పాయింట్లు మారుస్తారు.

మెదడులో ఈ పాయింట్స్‌మన్ పని అసిటైల్‌కోలిన్ చేస్తుందని అమెరికా శాస్త్రజ్ఞుడు మైకేల్ హసెల్మో ప్రతిపాదించాడు. ఎలుక మెదడు ముక్కల మీద ఆయన బృందం 1990లలో చేసిన ప్రయోగాల్లో, మస్కరినిక్ గ్రాహకాలను ప్రేరేపించినప్పుడు లోపలి కణాల మధ్య సినాప్స్‌లు బాగా బలహీనపడ్డాయి. బయటి నుంచి వచ్చే మార్గం మాత్రం అంతగా బలహీనపడలేదు. మరోవైపు ఇదే రసాయనం కణాల నుంచి పొటాషియం బయటికి పోయే కొన్ని ద్వారాలను మూసి, వాటిని సులభంగా ఉద్రేకించే స్థితిలో ఉంచుతుంది. కొత్తదానికి తలుపు తెరిచి, పాతదాని గొంతు తగ్గించడమన్నమాట.

సినాప్స్ బలపడాలా, బలహీనపడాలా అన్నది కూడా లయను బట్టే ఉంటుంది. 1993, 1995 సంవత్సరాల్లో పాట్రిషియో హుయెర్టా, జాన్ లిస్మన్ హిప్పోక్యాంపస్ ముక్కలో కార్బకాల్‌తో థీటా పుట్టించి, తరంగం శిఖరంలో ఉన్నప్పుడు నాలుగే నాలుగు చిన్న విద్యుత్ ప్రేరణలు ఇచ్చారు. సినాప్స్ దీర్ఘకాలం బలపడింది. అవే నాలుగు ప్రేరణలు తరంగం లోయలో ఉన్నప్పుడు ఇస్తే అంతకుముందు బలపడిన సినాప్స్ బలహీనమైంది. ఒకే మాట తాళంలో ఒకచోట పడితే జ్ఞాపకం, మరోచోట పడితే మరుపు!

గ్రాహకాలు మూసివేస్తే

ఇప్పుడు స్కోపాలమిన్ ఇస్తే ఏం జరగాలో మీరే ఊహించవచ్చు. బ్రాజ్‌నిక్, ముల్లర్, ఫాక్స్ 2003లో ఎలుకల మెదడు కుహరాల్లోకి స్కోపాలమిన్ ఎక్కించి స్థాన కణాలను గమనించారు. కణాల ఉద్రేకం తగ్గింది, వాటి చోట్ల సరిహద్దులు మసకబారాయి. 2014లో న్యూమన్, క్లైమర్, హసెల్మో జాలక కణాల్లోనూ ఇటువంటి మార్పే చూశారు. పటం చెరిగిపోలేదు గాని తడిసిన కాగితం మీది సిరాలా అలుక్కుపోయింది.

2011లో రెండు బృందాలు సెప్టమ్‌ను తాత్కాలికంగా నిద్రపుచ్చి థీటాను తగ్గించగా జాలక కణాల త్రిభుజాల అల్లిక చెదిరిపోయింది. స్థాన కణాలు మాత్రం చాలావరకు తమ చోట్లు గుర్తుంచుకున్నాయి. దీనితో జాలకానికి థీటా తప్పనిసరి అని కొందరు అన్నారు. అదే ఏడాది గబ్బిలాల్లో, ఎలుకలోవలె ఎడతెగని థీటా లేకుండానే జాలక కణాలు కనిపించాయి. కాబట్టి ఈ వాదం పూర్తిగా తేలలేదు. థీటాను ఆధారం చేసుకోకుండా కూడా స్థాన, జాలక కణాలు ఎలా ఏర్పడగలవో గణిత నమూనాలతో పరిశీలించే కృషి మన దేశంలోనూ జరిగింది. ఐ.ఐ.టి. మద్రాసుకు చెందిన వి. శ్రీనివాస చక్రవర్తి, కార్తీక్ సోమన్, గబ్బిలాలపై పరిశోధించే మైకేల్ యార్ట్‌సెవ్‌తో కలిసి మూడు కొలతల స్థలంలో ఇటువంటి కణాల నమూనాను 2018లో ప్రచురించారు.

ఎక్కువైనా చిక్కే

ఇంతవరకు చదివిన వారికి, అసిటైల్‌కోలిన్ ఎంత పెరిగితే జ్ఞాపకశక్తి అంత పెరుగుతుందనిపించవచ్చు. అది నిజం కాదు. గాఢనిద్రలో హిప్పోక్యాంపస్‌లో అసిటైల్‌కోలిన్ బాగా పడిపోతుంది. థీటా ఆగి, దాని స్థానంలో అప్పుడప్పుడు సెకనుకు 150 నుంచి 200 సార్లు కొట్టుకునే అతి వేగమైన చిరు తరంగాలు వస్తాయి. పగలు ఎలుక తిరిగిన దారికి చెందిన స్థాన కణాలు ఆ సమయంలో మళ్ళీ కలిసి ఉద్రేకిస్తాయని విల్సన్, మెక్‌నాటన్ 1994లో చూపారు. పగలు రాసుకున్నది రాత్రి నెమరువేయడం ఇది. లోపలి సినాప్స్‌ల మీద అసిటైల్‌కోలిన్ ఒత్తిడి తొలగిపోవడం వల్లే ఈ నెమరువేత సాధ్యమవుతుంది. బండ్ల రాక ఆగాక యార్డులో షంటింగ్ సాగినట్టు.

దీన్ని మనుషుల్లోనే పరీక్షించారు. 2004లో జర్మనీలో స్టెఫెన్ గైస్, యాన్ బోర్న్ యువకుల చేత నిద్రకు ముందు పదాల జంటలు నేర్పించి, గాఢనిద్ర సమయంలో ఫైసోస్టిగ్మిన్ ఇచ్చి అసిటైల్‌కోలిన్ ప్రభావం తగ్గకుండా చూశారు. మందు ఇవ్వనప్పుడు నిద్ర వల్ల కలిగే మేలు ఈసారి కలగలేదు. జ్ఞాపకానికి తోడ్పడే రసాయనాన్నే వేళకాని వేళ పెంచితే జ్ఞాపకం దెబ్బతింది! పాయింట్స్‌మన్ మంచివాడే, కాని ఎప్పుడూ ఒకేవైపు మీట పట్టుకు నిలబడితే యార్డు నడవదు.

ఎలుక నుంచి మన ఇంటికి

1974లో డ్రాక్‌మన్, లెవిట్ ఆరోగ్యవంతులైన యువకులకు స్కోపాలమిన్ ఇచ్చారు. విన్న అంకెలను అప్పటికప్పుడు తిరిగి చెప్పగలిగారు గాని, కొత్త విషయాలను నిలుపుకోలేకపోయారు. వారి లోపాలు వృద్ధుల జ్ఞాపకశక్తిలో కనిపించే లోపాలను పోలి ఉన్నాయి. 1976 నుంచి అల్జైమర్ వ్యాధితో మరణించిన వారి మెదడులో అసిటైల్‌కోలిన్ తయారుచేసే ఎంజైము తగ్గినట్లు తేలింది. ఆ రసాయనాన్ని మెదడు పైపొరలకు అందించే కణాలు పెద్దసంఖ్యలో నశిస్తాయని 1982లో వెల్లడైంది. ఈ పరిశోధనల ఫలితమే 1996లో అమెరికాలో అనుమతి పొందిన డోనెపెజిల్. ఇది ఉన్న అసిటైల్‌కోలిన్‌ను కాపాడి లక్షణాలను కొంతమేరకు తగ్గిస్తుంది. కణాల నాశనాన్ని ఆపదు. ఆ రసాయనం విడుదలయ్యే వేళలను, లయను తిరిగి తేవడం మాత్రకు సాధ్యమయ్యే పని కాదు.

దీనికి విరుద్ధమైన ప్రమాదం మన అలమారాల్లోనే ఉంటుంది. పాత తరం అలెర్జీ మందులు, ప్రయాణంలో వాంతులకు వాడే కొన్ని మందులు, వణుకుకు ఇచ్చే కొన్ని మందులు అసిటైల్‌కోలిన్ పనిని ఎంతో కొంత అడ్డుకుంటాయి. యువకులకు నోరు ఎండడం, మగత తప్ప పెద్దగా తెలియకపోవచ్చు. పెద్దవారిలో మాత్రం మతిమరుపు, తికమక రావచ్చు. "తాతయ్యకు ఉన్నట్టుండి మతి తప్పింది" అనుకునే ముందు ఆయన వాడుతున్న మందుల చీటీలన్నీ డాక్టరుకు చూపించడం మంచిది. మందును సొంతంగా ఆపెయ్యడమూ తగదు.

పొలాల్లోనూ ఇదే రసాయన శాస్త్రం పనిచేస్తుంది. ఆర్గనోఫాస్ఫేట్ జాతి పురుగుమందులు అసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును స్తంభింపజేస్తాయి. అప్పుడు ఆ రసాయనం ఒళ్ళంతా పేరుకుని చొంగ, చెమట, కుంచించుకుపోయిన కనుపాపలు, ఊపిరాడకపోవడం కనిపిస్తాయి. ఆస్పత్రిలో వెంటనే ఇచ్చే విరుగుడు అట్రోపిన్. ఉమ్మెత్తలో విషమైనదే ఇక్కడ ప్రాణం నిలుపుతుంది. ఉమ్మెత్త విషానికి ఫైసోస్టిగ్మిన్ విరుగుడు కావడం దీనికి అద్దంలో ప్రతిబింబం వంటిది. అయితే ఈ మోతాదులు వైద్యుల చేతిలో ఉండవలసినవే. వినాయకచవితి పత్రిలో ఉమ్మెత్త ఆకు కోసినవారు చేతులు కడుక్కోకుండా కళ్ళు నులుముకోకూడదు. దాని రసం తగిలితే కనుపాప విచ్చుకుని చూపు మసకబారుతుంది. గింజలను నోట పెట్టుకోవడం ప్రాణాంతకం.

ఎలుక మెదడు ముక్కల్లో, చిన్న బాటల మీద ఏళ్ళ తరబడి సాగిన ఈ పరిశోధన విద్యార్థులకు చెప్పే సంగతి కూడా ఒకటుంది. జ్ఞాపకశక్తిని పెంచే మాత్రలంటూ అమ్మేవారి మాటలు నమ్మి మోసపోవద్దు. రాసుకోవడానికీ నెమరువేయడానికీ మెదడుకు కావలసింది ఒకే రసాయనపు రెండు వేర్వేరు స్థాయిలు. పరీక్ష ముందు రాత్రంతా మేలుకొని చదివేవాడు మొదటి పని చేసి, రెండోదానికి సమయం ఇవ్వడం లేదు. చదివిన తర్వాత హాయిగా నిద్రపోతే, ఆ రెండో పని మెదడు తనంతట తానే చేసుకుంటుంది.